నాయన దివ్యాంగ పింఛనుకు నోటీసు వస్తే: సదరం శాతంపై అప్పీలు మొదటి నుంచి చివరిదాకా

2025 ఆగస్టులో గ్రామ సచివాలయం నుంచి వచ్చిన కాగితాన్ని మా నాయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఉతకడానికి చొక్కా తీసినప్పుడు అమ్మ చేతికి దొరికింది. పాత సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వ వైద్యులు పరీక్షించి వైకల్య శాతం రాసి ఇచ్చేది) 52 శాతం ఉన్న వైకల్యం కొత్త పరీక్షలో 36 అయిందని, 40కి తక్కువ కాబట్టి దివ్యాంగ పింఛనుకు అర్హత లేదని అందులో ఉంది.

మాది ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా, కోవూరు దగ్గర ఊరు. నాయన రైసుమిల్లులో హమాలీ. 2011లో బస్తాల నెట్టు కూలి మీద పడింది. కుడి తుంటికి రాడ్డు వేశారు. కుడి భుజం ఆ రోజు నుంచి తల ఎత్తుకు లేవలేదు. అంత స్పష్టంగా కనిపించే దెబ్బకు 36 ఎందుకొచ్చిందో అర్థంకాక, పరీక్ష రోజు ఏం జరిగిందో నాయనను కూర్చోబెట్టి అడిగాను. "నడవగలవా పెద్దాయనా అనడిగిందబ్బయా డాక్టరమ్మ. నడస్తానమ్మా అన్నా. నడిచి చూపించా." చేతికర్ర ఏదంటే, బయట గోడకు ఆనించి లోపలికి పోయానన్నాడు. భుజం సంగతి వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఆ తర్వాత మా ఊళ్లో, చుట్టుపక్కల ఇంకొందరి అప్పీళ్లకు సాయం చేశాను. దాదాపు ప్రతి ఇంట్లో ఇదే కథ. మన పెద్దవాళ్లు జీవితమంతా "నాకేందిలే" అని బతికినవాళ్లు. పరాయి మనిషి ముందు చేతకాదని చెప్పడం వాళ్లకు చిన్నతనం. అప్పీలులో కాగితాల పని సగమైతే, అమ్మానాన్నల నోటి నుంచి నిజం చెప్పించడం మిగతా సగం.

ముందు నోటీసును పూర్తిగా చదవండి

నోటీసు అందిన తేదీని దాని మీదే రాసి పెట్టుకోండి. 2025 ఆగస్టు నోటీసుల్లో అప్పీలుకు ముప్పై రోజుల గడువిచ్చారు. మీ నోటీసులో ఎంత రాశారో అదే మీకు లెక్క. మాకు అప్పటికే నాలుగు రోజులు పోయాయి. కొందరి ఇళ్లలో నోటీసు దేవుడి పటం వెనక నెల దాటిపోయింది. అమ్మానాన్నలు వేరే ఊళ్లో ఉంటే ఈ ఒక్క మాట ఫోన్లో చెప్పండి: సచివాలయం నుంచి ఏ కాగితం వచ్చినా అదే రోజు ఫోటో తీయించి పంపమని.

తర్వాత కారణం చూడండి. అన్ని కారణాలకూ ఒకే మందు పనిచేయదు. శాతం 40కి తగ్గిందన్నా, వైకల్యం "తాత్కాలికం" అన్నా అది వైద్యుల నిర్ణయం. దానికి మళ్లీ వైద్య పరీక్ష కోరాలి. పరీక్షకు రాలేదని ఆపితే ఎందుకు రాలేకపోయారో చెప్పి కొత్త తేదీ అడగాలి. మంచం మీద ఉన్న మనిషైతే ఆ విషయం స్పష్టంగా రాసి, ఇంటికే వచ్చి చూడమని కోరాలి.

ఇవేవీ కాకుండా ఆరంచెల వడపోతలో (కుటుంబ ఆదాయం, ఆస్తులు చూసే తనిఖీ) ఆగితే ఆసుపత్రి చుట్టూ తిరిగి లాభం లేదు. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటిందనో, మాగాణి మూడెకరాలు మించిందనో, కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటిందనో, ఇంట్లో కారుందనో వస్తుంది. వేరుపడిన కొడుకు కారు తండ్రి లెక్కలోకి, పక్క వాటా మీటరు మన ఆధార్ కిందికి రావడం నేను చూశాను. అప్పుడు రేషన్ కార్డు విభజన, మీటరు పేరు మార్పు లాంటి ఆధారాలతో సచివాలయంలోనే తేల్చుకోవాలి.

గెలిచే అవకాశం ఉందా?

ఇది నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రయోజనాలకు 40 శాతాన్ని గీతగా పెట్టింది. శాతం ఎలా కొలవాలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2018లో ఇచ్చినవాటిని 2024 మార్చిలో సవరించింది. డాక్టరు దయతో పెంచేది, కోపంతో తగ్గించేది కాదది.

ఆ కొలతలో మనవాళ్లకు మింగుడుపడనివి కొన్ని ఉన్నాయి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే ఇస్తారు. చూపును అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనిపిస్తుందో చూసి లెక్కిస్తారు. చెవుడు విషయంలో చట్టం రెండు చెవులనూ చూస్తుంది. ఒక చెవి వినపడి రెండోది వినపడకపోతే గీత దాటడం కష్టం. నొప్పి ఒక్కదానితోనే గీత దాటలేరు. మోకాలు ఎంత వంగుతుంది, కండరానికి ఎంత బలముంది, మనిషి ఎంత నిలకడగా నిలబడగలడు అన్నవాటికే ముఖ్యంగా శాతం. షుగరు, బీపీ, నడుంనొప్పి ఎంత బాధపెట్టినా వాటంతటవి ఈ పింఛను తేలేవు.

ఇలాంటిదే అయితే అమ్మానాన్నలకు అబద్ధపు ఆశ పెట్టకండి. అరవై దాటితే వృద్ధాప్య పింఛనుకు, భర్త లేకపోతే వితంతు పింఛనుకు మార్చమని వెంటనే అడగండి. 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 అయితే వీటికి 4,000. రెండు వేలు తగ్గినా ఒకటో తారీఖున ఇంట్లోకి డబ్బు ఆగదు. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తిరిగే కిడ్నీ రోగులకు 10,000 పింఛను విడిగా ఉంది. వాళ్లు దివ్యాంగుల వరుసలో నిలబడి కాలం పోగొట్టుకోవద్దు.

గెలిచే అవకాశం ఎక్కువగా ఉన్న కేసులు మూడు రకాలు. పాత సర్టిఫికెట్‌లో "శాశ్వతం" అని ఉండి, కొత్తదాంట్లో ఏ కారణం లేకుండా "తాత్కాలికం" అని మారినవి మొదటి రకం. పోలియో కాలు, తెగిన వేళ్లు తాత్కాలికం ఎలా అవుతాయి? రెండో రకం, పరీక్షలో పూర్తిగా చూపించనివి. మూడోది మా నాయనలాంటిది: రెండు చోట్ల లోపముండి ఒక్కటే చూసినవి. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. కాలికి 36, భుజానికి 20 వచ్చాయనుకోండి, నేరుగా కూడి 56 అనరు. పెద్ద అంకెకు చిన్న అంకెలో కొంత భాగమే కలుపుతారు. అయినా మొత్తం 40 దాటుతుంది. కాబట్టి తల నుంచి కాలి దాకా లోపాలన్నీ రాసుకోండి. ఒక్కొక్కటీ ఏ డాక్టరు చూడాలో (ఎముకలు, కళ్లు, చెవి, మానసిక) గుర్తించి, అన్నీ చూడమని అర్జీలోనే అడగండి.

కాగితాలు కూడగట్టడం

నోటీసు, పాత సదరం, కొత్త సదరం, ఆధార్, రైస్ కార్డు (రేషన్ కార్డే), పింఛను నంబరు. ఇవి అందరికీ గుర్తుంటాయి. అసలు బలం పాత ఆసుపత్రి కాగితాల్లో ఉంటుంది: ఆపరేషన్ నాటి డిశ్చార్జి సమ్మరీ, రాడ్డు కనిపించే ఎక్స్‌రే, నరాల పరీక్ష, వినికిడి పరీక్ష, ఆరోగ్యశ్రీలో చేయించుకుంటే ఆ కాగితం. మా నాయన డిశ్చార్జి సమ్మరీ చెదలు తినేసింది. ఆసుపత్రివాళ్లు పద్నాలుగేళ్ల నాటిది లేదన్నారు. వాళ్ల తప్పేం లేదు. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు ఉంచితే చాలని 2002 నాటి వైద్యమండలి నిబంధన. అదే నిబంధన ప్రకారం రికార్డు ఉన్నంతకాలం, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దెబ్బ ఇటీవలిదైతే ఈ మాట చెప్పి రాతపూర్వకంగా అడగండి.

పాతవి దొరక్కపోతే కొత్తవి చేయించండి. మేము ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఎముకల డాక్టరుకు చూపించి, తుంటికీ భుజానికీ కొత్త ఎక్స్‌రేలు తీయించాం. ఓపీ చీటీ మీద "భుజం పక్కకు 60 డిగ్రీలకు మించి లేవడం లేదు" అని ఆయన చేతిరాతలో రాశారు. "బలహీనంగా ఉన్నాడు" అని రాసిన చీటీ కంటే కోణం, బలం అంకెల్లో ఉన్న చీటీ వందరెట్లు పనికొస్తుంది. డాక్టరును మర్యాదగా అడిగితే రాస్తారు.

ఇంకో పని కూడా చేయండి. ఒక నోటు పుస్తకంలో వారం రోజులు అమ్మానాన్నల దినచర్య రాయండి. ఎన్ని గంటలకు లేచారు, ఎవరు పట్టుకున్నారు, దొడ్డికి ఎలా పోయారు, గుండీలు ఎవరు పెట్టారు, ఎన్నిసార్లు పడబోయారు. మేం రాసేదాకా నాయన ఎడమ చేత్తో అన్నం తింటున్న సంగతి నేనే గమనించలేదు. పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి.

అర్జీ ఎవరికి, ఎలా

పల్లెలో అయితే ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) గారికి, పట్టణంలో మున్సిపల్ కమిషనర్ గారికి. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు సాయం చేస్తారు. ఎవరు తీసుకున్నా రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని రండి. "ఆన్‌లైన్లో ఎక్కించాంలే" అంటే నమ్మండి, కానీ అర్జీ నంబరు రాయించుకోండి. తీసుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

అర్జీలో పేదరికం గురించి పేజీలకు పేజీలు రాయొద్దు. ఎంపీడీవో గారు తేల్చాల్సింది మళ్లీ పరీక్షకు పంపాలా వద్దా అన్నది. దానికి కావాల్సినంతే రాయండి. మేము రాసింది ఇంచుమించు ఇలా ఉంది:

"మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి,
విషయం: దివ్యాంగ పింఛను నోటీసుపై అప్పీలు, వైకల్య శాతం పునఃపరీక్ష కోరుతూ.
అయ్యా, నా పేరు ........, వయసు ...., గ్రామం ......... నా పింఛను నంబరు ........., సదరం నంబరు ......... తేదీ ....... నాడు నాకు నోటీసు అందింది. నా వైకల్యం 36 శాతమని అందులో ఉంది. ....... సంవత్సరంలో ఇచ్చిన సర్టిఫికెట్‌లో అది 52 శాతం, శాశ్వతం. ఈ మధ్యలో నాకు ఏ చికిత్సా జరగలేదు, ఆరోగ్యం మెరుగుపడలేదు. తేదీ ....... నాటి పరీక్షలో నా కుడి కాలు మాత్రమే చూశారు. కుడి భుజం లోపాన్ని పరీక్షించలేదు. దానికి సంబంధించిన ఎక్స్‌రే, ఓపీ చీటీ జతచేశాను. కాబట్టి నా రెండు లోపాలనూ కలిపి మళ్లీ పరీక్ష చేయించవలసిందిగా, నిర్ణయం తేలేవరకు నా పింఛను కొనసాగించవలసిందిగా కోరుతున్నాను. నేను కర్ర లేకుండా దూరం నడవలేను. తోడుగా ఒకరిని అనుమతించగలరు.
ఇట్లు, (సంతకం లేదా వేలిముద్ర)
జతచేసినవి: ..."

అర్జీ అమ్మానాన్నల పేరు మీదే ఉండాలి. మీరు రాసినా సంతకం వాళ్లది. రాసినదాన్ని వాళ్లకు చదివి వినిపించండి. రేపు డాక్టరు అడిగే ప్రశ్నలకు వాళ్ల జవాబు, అర్జీలోని మాట ఒకటిగా ఉండాలి కదా.

ఈ దశలోనే దళారి తగులుకుంటాడు. "పదివేలియ్యి, 60 శాతం వేయిస్తా" అంటాడు. తప్పుడు మార్గంలో ఈ ప్రయోజనం పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి చట్టంలో. వాడు మాయమవుతాడు. కాగితం మీద పేరు మీ అమ్మదో నాన్నదో మిగులుతుంది.

పరీక్షకు ముందు రోజు రాత్రి

నా మట్టుకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. భోజనాలయ్యాక నాయన పక్కన కూర్చున్నాను. "రేపు డాక్టరు అడిగితే ఏం చెప్తావు నాయనా?" అంటే, "ఏం చెప్తాం, ఉన్నదే చెప్తాం" అన్నాడు. "నడవగలవా అంటే?" "నడస్తా."

నోటు పుస్తకం తెచ్చి చదివాను. మంగళవారం బావి దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డావు. బుధవారం బస్సు మెట్టు ఎక్కలేక కండక్టరు చెయ్యందించాడు. గురువారం చొక్కా అమ్మ తొడిగింది. వింటూ వింటూనే తల దించుకున్నాడు. చాలాసేపటికి, "ఇవన్నీ చెప్పుకోవాల్నా అబ్బయా, ఊరందరి ముందరా?" అన్నాడు. నా గొంతు పూడుకుపోయింది. "ఊరందరి ముందర కాదు నాయనా, ఒక్క డాక్టరు ముందర. మూటలు మోసి ఇరిగిన కాలు ఇది, దొంగతనం చేసి ఇరిగింది కాదు" అన్నాను. ఆ మాట ఆయనకు తగిలింది.

మీ ఇంట్లో మాట వేరుగా ఉండొచ్చు. కానీ ఆ సంభాషణ జరగాలి. "నటించు" అని మాత్రం చెప్పకండి. డాక్టర్లు మాటల్లో పెట్టి చెయ్యి కదిలించి చూస్తారు. కావాలని బిగబట్టింది వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఉన్న లోపాన్ని కూడా నమ్మరు. "అవును", "కాదు"లతో ఆపకుండా పూర్తి జవాబు చెప్పమనండి. "నడుస్తాను" కాదు. "కర్రతో ఇంటి నుంచి టీ కొట్టు దాకా నడుస్తాను, మధ్యలో ఒకసారి కూర్చుంటాను." "చెయ్యి ఎత్తుతాను" కాదు. "ఇంతవరకే ఎత్తుతాను, ఇక్కడ ఆగిపోతుంది." ఇలా నాలుగైదు జవాబులు ఆ రాత్రే ఇద్దరూ అనుకోండి.

పరీక్ష రోజు

పరీక్ష తేదీ చెబుతూ వచ్చిన సందేశంలో రాసిన ఆసుపత్రికి, రాసిన సమయానికి గంట ముందే చేరుకోండి. ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి రావాలంటే వంద కిలోమీటర్ల దాకా ప్రయాణం. ముందు రోజే బంధువులింటికి చేరితే మంచిది. అమ్మను తీసుకెళుతుంటే ఆమె ఆధార్ అసలుది చేతిలో ఉంచండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అన్నం, నీళ్లు, మాత్రలు వెంట పెట్టుకోండి. రోజూ వేసుకునే మాత్రలు మానిపించొద్దు.

మోకాలు, తుంటి చూడ్డానికి వీలుగా నాయనకు లుంగీ, అమ్మకు వదులు బట్టలు. రోజూ వాడే కర్ర, చెవి మిషను, కళ్లజోడు, కాలికి వేసుకునే క్యాలిపర్ ఏదుంటే అది లోపలికి తీసుకెళ్లాలి, బయట గోడకు కాదు.

కాలి లోపానికి సాధారణంగా ఏం చేయించి చూస్తారో ముందే తెలిస్తే కంగారుండదు. చదునైన నేల మీద, వాలు మీద నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద, తర్వాత లోపమున్న కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం, మోకాళ్ల మీద కూర్చోవడం, నడుస్తూ మళ్లడం. ఒక్కొక్క కీలు ఎంత వంగుతుందో కొలుస్తారు, కండరం బలం చూస్తారు. చేయలేనిది చేయమంటే "చేయలేనమ్మా, పడిపోతాను" అని చెప్పడం తప్పు కాదు. కింద కూర్చుని లేవడానికి తోడు కావాలంటే ఆ తోడుతోనే లేవాలి. వయసు గుర్తొచ్చి పౌరుషంగా ఒక్కసారి లేచి చూపిస్తే, ఆ ఒక్కసారే రికార్డవుతుంది.

డాక్టరు అడిగింది ముందు పెద్దవాళ్లనే చెప్పనివ్వండి. మీరే అందుకుంటే ఆయనకు నచ్చదు, అది న్యాయమే. వాళ్లు చెప్పడం మరిచింది ఉంటే చివర్లో ఒక్క మాట: "సార్, భుజం కూడా చూడమని అర్జీలో రాశాం." వారం నోటు పుస్తకం చూపించండి. చూస్తే మంచిది, చూడకపోయినా వాదించొద్దు. గంటకు ఎందరినో చూసే డాక్టరు ఆయన. మా నాయనను రెండోసారి చూసినాయన పావుగంట పెట్టారు. భుజానికి విడిగా కొలత వేశారు. మొత్తం 44, శాశ్వతం అని వచ్చింది. పాత 52 రాలేదు. నేను దాని మీద మళ్లీ వెళ్లలేదు. పింఛనుకు 44 చాలు.

మళ్లీ తక్కువే వస్తే

తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2017 నియమాలు చెబుతున్నాయి. ముందు అవి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ పరీక్ష పత్రం నకలు అడగండి. మండలాఫీసులో అయితే రుసుము 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10. రైస్ కార్డు జతచేస్తే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఏ కొలతకు ఎంత వేశారో ఆ కాగితంలో ఉంటుంది. అది లేకుండా పై అధికారి దగ్గరికి వెళ్లి "అన్యాయం జరిగింది" అంటే వినేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ పత్రంతో సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. నెల్లూరులో అది తిక్కన ప్రాంగణంలో జరుగుతుంది. సర్టిఫికెట్ ఇచ్చిన వైద్యుల నిర్ణయంపై అప్పీలు హక్కు 2016 చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. అర్జీలో ఆ సెక్షన్ పేరెత్తండి. దివ్యాంగుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో ఒక ప్రతి ఇవ్వండి. అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

లాయరు అవసరమైతే డబ్బు గురించి భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం దివ్యాంగులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. హైకోర్టు దాకా పోవాల్సిన కేసులు కొన్ని ఉంటాయి. కాలో చెయ్యో స్పష్టంగా లేకపోయినా తాత్కాలికం అని రాసినవి అలాంటివే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక

ఆసుపత్రి గుమ్మం దాటకముందే పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, ఏ అవయవం, ఎంత శాతం, శాశ్వతమా తాత్కాలికమా అని చదవండి. తాత్కాలికమైతే ఏ తేదీ దాకా చెల్లుతుందో చూసి, దానికి మూడు నెలల ముందు తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాయండి. సచివాలయంలో కొత్త శాతం పింఛను రికార్డులోకి ఎక్కిందో లేదో అడగండి. సర్టిఫికెట్ వచ్చినా రికార్డులో పాత అంకె ఉండిపోయి ఇంకో నెల ఆగినవాళ్లున్నారు.

అప్పీలు కాగితాలన్నీ, ఆ నోటు పుస్తకంతో సహా, ఒక్క ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మళ్లీ తనిఖీ వచ్చిన రోజు అదే కవరు తీసుకెళ్లాలి. మాది నాయన మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకే కట్టుకున్నాడు.